మొదటి కేసు: తాగిన రాత్రి గొడవ, కోర్టు కాయితం, మన వాడ

కొన్నేళ్ల కిందటి సంగతి. మాకు బాగా తెలిసిన మాదిగవాడ పిలగాడొకడు, డిగ్రీ ఆఖరి సంవత్సరం, వైన్ షాపు పక్కన పర్మిట్ రూము ముందు తాగి కొట్లాడాడు. అవతల ఊళ్లో భూములున్న కులపోళ్ల పిలగాండ్లు ముగ్గురు. కుర్చీ దగ్గర మాట మొదలైంది. మాట కులం దాకా పోయింది. కులం పేరు వినపడ్డాక చేతులు లేచాయి. వీడి దవడ వాచింది, వాళ్లలో ఒకడి పెదవి చిట్లింది. అదే రాత్రి వాళ్లు ఠాణాకు పోయి దరఖాస్తు ఇచ్చారు, సర్కారు దవాఖానాలో చూపించుకున్నారు. వీడు ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకున్నాడు. తెల్లారేసరికి పోలీసు బండి వాడలో ఉంది.

కేసు పడ్డది. ఐపీసీ 341, 323, 34. మూడో వాయిదాకు మేం కూడా కోర్టుకు పోయాం. వకీలు, "నేరం ఒప్పుకుంటే ఐదొందల జుర్మానాతో ఇయ్యాలనే పోతది, లేకపోతే రెండేండ్లు తిరగాలె" అన్నాడు. వాడు మా దిక్కు చూశాడు. మేం తలూపాం. ఆ ఐదొందలు కూడా మేమే కట్టాం. సాయంత్రం చాయ్ తాగుతూ గండం గడిచిందనుకున్నాం.

రెండేళ్లకు వాడు కానిస్టేబుల్ పరీక్ష గట్టెక్కాడు. పరుగూ నెగ్గాడు. ఆఖరున నింపాల్సిన కాయితంలో ఒక ప్రశ్న: ఏ కోర్టయినా మిమ్మల్ని దోషిగా తేల్చిందా? "అన్నా, ఏం రాయాలె?" అని అడిగాడు. ఉన్నదే రాయమన్నాం. రాశాడు. ఎంపిక రద్దయింది.

మేం యూనివర్సిటీల్లో దళిత సమస్య మీద పరిశోధన చేసేవాళ్లం. మా ఇళ్లలో మాకంటే ముందు డిగ్రీ చదివినోళ్లు లేరు. మా నాయినలు వేలిముద్ర వేసినోళ్లు. మనుస్మృతిలో ఏ వర్ణానికి ఏ శిక్షో సెమినార్లలో గంటసేపు చెప్పగలం. కానీ నేరం ఒప్పుకోవడానికీ, రాజీ పడటానికీ మధ్య తేడా ఏమిటో ఆ రోజు కోర్టు వరండాలో మాకు తెలీదు. ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం. తాగిన గొడవలో మొదటిసారి కేసులో ఇరుక్కున్న మనిషికి చట్టం ఏం చెబుతుంది, ఆచరణలో ఏం జరుగుతుంది, ఎక్కడ ఎక్కువగా తప్పు చేస్తున్నాం అనేది మాకు అర్థమైన మేరకు ఇక్కడ చెబుతాం.

చిన్న కేసు ఎవరికి చిన్నది?

వెనక పొలం, పట్నంలో ఇల్లు, బంధువుల్లో వకీలు ఉన్నవాడికి 323 కేసు ఒక చికాకు. వాడలో ఇంటికొకడు మొదటిసారి చదువుకుని, సర్కారు నౌకరీ ఒక్కటే మెట్టుగా ఉన్నవాడికి అదే కేసు మెట్టు విరగడం. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా శిక్ష పడినోళ్లు కారు, విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. వాళ్లలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరు ఎస్సీలు. 2011 జనాభా లెక్కల్లో మన వాటా నూటికి 16.6. మనోళ్లు ఎక్కువ నేరాలు చేస్తారని ఈ అంకెలకు అర్థం చెప్పేవాళ్లుంటారు. పుట్టుకతోనే నేరస్తులంటూ 1871లో చట్టం చేసి, దాన్ని 1952 దాకా నడిపిన దేశంలో ఆ మాట కొత్తదేమీ కాదు. జమానతు ఇచ్చే మనిషి లేక, కాయితం చదివి చెప్పే మనిషి లేక జైల్లో ఉండిపోయేవాళ్లెవరో చూస్తే అంకెల అర్థం ఇంకోలా ఉంటుంది.

కాయితం మీది నంబర్లు

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన గొడవకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. తర్వాత జరిగినవాటికి కొత్త నంబర్లు. ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే మొదట చూడాల్సింది ఈ నంబర్లే.

మామూలు దెబ్బ పాత 323, ఇప్పుడు 115(2). ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. ఇది బెయిలబుల్. పైగా మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయకూడని నేరం. మరి రాత్రికి రాత్రి కేసు ఎట్లా కడుతున్నారు? దాని పక్కన "దారికి అడ్డం నిలబడ్డాడు" అనే పాత 341ని, ఇప్పటి 126(2)ని చేరుస్తారు. అది పోలీసులు నేరుగా తీసుకోగల నేరం. అలాంటిది ఒక్కటి ఉంటే మొత్తం కేసును వాళ్లు దర్యాప్తు చేయొచ్చు. గొడవ కేసుల్లో ఈ జంట ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

సీసా, కత్తి, ప్రమాదకరమైన ఏ వస్తువుతోనైనా గాయం చేశారంటే పాత 324, ఇప్పుడు 118(1). మూడేళ్ల దాకా జైలు, లేదా 20,000 దాకా జుర్మానా, లేదా రెండూ. కొత్త చట్టంలో ఇది నాన్ బెయిలబుల్. ఎముక విరిగినా, పన్ను ఊడినా, 15 రోజులు తీవ్రమైన నొప్పితో పడున్నా లేక మామూలు పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం కింద లెక్క. పాత చట్టంలో ఈ గడువు 20 రోజులు. తీవ్ర గాయానికి పాత 325, ఇప్పుడు 117(2). ఏడేళ్ల దాకా జైలు, జుర్మానా. చంపడానికే కొట్టాడని రాస్తే 109, అది పాత 307. అంటే ఒకే గొడవ, ఒకే దెబ్బ. దరఖాస్తులో "చేత్తో" అన్న చోట "సీసాతో" అని పడితే మనిషి ఇంటికి పోవడానికి బదులు రిమాండుకు పోతాడు. ఆ ఒక్క మాట రాసేది ఎవరు, రాయించేది ఎవరు అన్నదాంట్లోనే ఊరి అధికారమంతా ఉంది.

ఎవరినీ కొట్టకుండా తాగి బజార్లో అల్లరి చేస్తే 355 అనే చిన్న సెక్షన్ ఉంది. 24 గంటల దాకా మామూలు జైలు, లేదా 1,000 దాకా జుర్మానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ.

"తాగి ఉన్న, యాదికి లేదు"

పట్టుకుపోయినప్పుడు మనోళ్లు మొదట చెప్పే మాట ఇదే. ఇది దయ పుట్టిస్తుందనుకుంటారు. న్యాయ సంహిత 23, 24 సెక్షన్లు చెప్పేది వేరు. ఇంకొకరు బలవంతంగా తాపినా, తెలీకుండా కలిపి ఇచ్చినా తప్ప తాగుడు రక్షణ కాదు. ఇష్టపడి తాగినవాడికి తాగని మనిషికున్న తెలివే ఉన్నట్టు చట్టం భావిస్తుంది. కాబట్టి "తాగి ఏం చేశానో తెలీదు" అనే మాట సాకుగా పనికి రాదు. పైగా అక్కడ ఉన్నానని, గొడవలో ఉన్నానని తనంతట తాను చెప్పుకున్నట్టవుతుంది.

అవతలివాడు ముందు కొట్టాడు, ఆపుకోవడానికి చేయి ఎత్తాను అనేది మాత్రం నిజంగా రక్షణే. 34వ సెక్షన్ నుంచి ఆత్మరక్షణ హక్కు గురించి ఉంది. కొట్టేవాడు తాగి ఉన్నా సరే వాడి నుంచి కాపాడుకునే హక్కు పోదని 36 చెబుతుంది. షరతు ఒకటే, అవసరానికి మించి కొట్టకూడదు. ఈ మాట నిజమైతే మొదటి రోజు నుంచే చెప్పాలి, ఒంటి మీది దెబ్బలు రికార్డు కావాలి. ఆరు నెలల తర్వాత గుర్తొస్తే కోర్టు నమ్మదు.

ముందు పోయినవాడే ఫిర్యాదుదారు

ఇద్దరు కొట్టుకుంటే ముందు ఠాణా మెట్లెక్కినవాడు బాధితుడు, రెండోవాడు ముద్దాయి. చట్టంలో ఇట్లా ఎక్కడా రాసి లేదు. ఊళ్లో మాత్రం ఇట్లాగే నడుస్తుంది. ఠాణా అంటే మనకున్న భయం అవతలివాళ్లకు ఆస్తి. మా పిలగాడు ఆ రాత్రే దవాఖానాకు పోయుంటే దవడ వాపు కాయితమెక్కేది. మూడో రోజు పోయేసరికి ఎప్పటి దెబ్బో ఏమో అన్నారు.

అందుకని మొదటి పని దవాఖాన. సర్కారు దవాఖానాలో దెబ్బలు ఎట్లా తగిలాయో చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించుకోవాలి. రెండో పని మన దరఖాస్తు. పోలీసులు తీసుకోకపోతే సురక్షా సంహిత 173 ప్రకారం అదే దరఖాస్తును ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. మూడో పని సాక్ష్యం. వైన్ షాపులో సీసీ కెమెరా ఉంటే ఆ రికార్డు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి.

కులం పేరుతో తిట్టి ఉంటే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వస్తుంది. నలుగురూ చూసే చోట కులం పేరుతో దూషించడం 3(1)(s) కింద నేరం. పర్మిట్ రూము, టీ కొట్టు, బస్టాండు నలుగురూ చూసే చోట్లే. ఎస్సీ అని తెలిసి కొట్టినా, అడ్డగించినా 3(2)(va) ఉంది. ప్రాథమిక విచారణ చేశాకే ఎఫ్‌ఐఆర్ కడతామని అనడానికి వీల్లేదని 2018 సవరణతో వచ్చిన 18ఏ చెబుతుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. ఇక్కడ చేదు నిజం కూడా చెప్పుకోవాలి. చర్చికి పోయే మాల, మాదిగ కుటుంబాలకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డం వస్తుంది. హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లనే అది ఎస్సీలుగా గుర్తిస్తుంది. కొట్టేవాడు మతం అడిగి కొట్టడు, చట్టం మాత్రం అడుగుతుంది.

అత్యాచార కేసు పెట్టగానే కౌంటర్ కేసు పడటం, లేదా ముందే పడి ఉన్న కేసుకు మన కేసునే "కౌంటర్" అనడం రివాజు. తర్వాత పెద్దమనుషులొచ్చి "మీది మీరు తీసుకోండి, మాది మేం తీసుకుంటాం" అంటారు. రెండూ ఒక తూకంలో వేసే సరుకులు కావు. 115(2) రాజీ కుదిరే నేరం. అత్యాచార చట్టం నేరాలు రాజీ జాబితాలో లేవు. వ్యక్తిగత తగాదాగా తేలిన అరుదైన సందర్భంలో, బలవంతం ఏమీ లేదని చూసుకున్నాకే పైకోర్టు కొట్టేయవచ్చని 2021లో రాంఅవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది పెద్దమనుషుల అరుగు మీద అయ్యే పని కాదు. "చిన్న గొడవ" అనే మాటను కూడా అనుమానంతోనే వినాలి. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్నది చిన్న గొడవే. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా పోయింది అది.

ఠాణాలో

ఏడేళ్లు, అంతకు తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో చేతికందినవాణ్నల్లా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవొచ్చు. నోటీసు వస్తే పోవాలి. దాక్కుంటే అరెస్టుకు మనమే కారణం ఇచ్చినట్టు.

అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి. బెయిలబుల్ నేరమైతే బెయిలు హక్కుందని చెప్పాలి. ఇంటివాళ్లకు కబురు చేయాలి. దారి ప్రయాణం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలో ఉన్న మాట. ప్రశ్నించే సమయమంతా కాకపోయినా వకీలును కలిసే హక్కుంది. డాక్టరు పరీక్ష చేయాలి, ఆ నివేదిక ప్రతిని అరెస్టయిన మనిషికి ఇవ్వాలి. 1996లో డి.కె. బసు కేసు నుంచి ఇవన్నీ గోడ మీద రాసుకోవాల్సిన సంగతులు. ఠాణాల్లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. అయినా తెల్లకాయితం మీద సంతకం పెట్టొద్దు. దర్యాప్తులో ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పనే లేదు. కొట్టి ఉంటే మేజిస్ట్రేటు ముందు నిలబడ్డ ఆ రెండు నిమిషాల్లోనే చెప్పాలి. "ఏమన్నా ఇబ్బంది పెట్టారా?" అని అడిగితే మా వాడు "లేదు సార్" అన్నాడు. కొట్టినవాళ్లు పక్కనే నిలబడి ఉన్నారు మరి. వెనక మనవాళ్లు నలుగురు కోర్టు హాల్లో కనబడితే ఆ జవాబు మారుతుంది. మేం చూసిన తేడా అది.

వయసు 18 దాటకపోతే టెన్త్ మెమో వెంటనే చూపించాలి. బాలన్యాయ బోర్డుకు పోవాల్సిన పిల్లవాడు వాడు. 2015 బాలన్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ తీర్పు మామూలుగా తర్వాత ఏ అర్హతకూ అడ్డం రాకూడదు.

బెయిలు, జమానతు

బెయిలబుల్ నేరంలో బెయిలు ఒకరు పెట్టే భిక్ష కాదు, హక్కు. ఠాణాలోనే ఇవ్వొచ్చు. దానికి "ఖర్చు" అంటూ ఏదీ లేదు. అసలు చిక్కు జమానతు దగ్గర. ఇంటి పన్ను రశీదు, పాసుపుస్తకం ఉన్న ఇద్దరు కావాలంటారు. వాడలో సగం ఇళ్లకు కాయితాలుండవు. ఉన్న పాసుపుస్తకాలు ఎవరివో వాళ్ల దగ్గరికే పోయి చేతులు కట్టుకోవాలి. అంటే బెయిలు పేరుతో పాత వెట్టి మళ్లీ మొదలు.

1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే ప్రశ్న వేశారు. పేదవాడికి 10,000 రూపాయల జమానతు అడగడం, పక్క జిల్లా మనిషి పూచీ చెల్లదనడం అన్యాయమన్నారు. సురక్షా సంహిత 478 ప్రకారం బెయిలబుల్ కేసులో వారంలోపు జమానతు ఇవ్వలేనివాణ్ని పేదవాడిగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలి. బెయిలొచ్చి నెల దాటినా బాండు కట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టులే చూడాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో కొత్త సంగతి 479. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద వదలాలి. యావజ్జీవం, మరణశిక్ష ఉన్న నేరాలకు, ఒకటికంటే ఎక్కువ కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

వకీలు ఫీజు గురించి అప్పు చేయకముందే ఒక సంగతి తెలియాలి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు హక్కు. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆడవాళ్లెవరికైనా కూడా ఉంది. జిల్లా, మండల న్యాయసేవల సంస్థలు కోర్టు ఆవరణలోనే ఉంటాయి. ఫోను 15100. కుల సర్టిఫికెట్ స్కాలర్‌షిప్‌కే కాదు, దీనికీ పనికొస్తుంది.

మేం చేసిన తప్పు

ఇక అసలు సంగతి. చిన్న కేసు ముగియడానికి దారులు నాలుగు.

ఒకటి, నేరం ఒప్పుకోవడం. తొందరగా అయిపోతుంది, జుర్మానా తక్కువే. కానీ ఆ క్షణం నుంచి మనిషి దోషి. ఐదొందలు కట్టినా ఐదేళ్లు జైల్లో ఉన్నా "శిక్ష పడిందా" అనే ప్రశ్నకు జవాబు "అవును" అనే రాయాలి.

రెండు, రాజీ. సురక్షా సంహిత 359 ప్రకారం 115(2), 126(2) లాంటివి దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చు. 117(2)కు కోర్టు అనుమతి కావాలి. 118(1) రాజీ జాబితాలో లేదు, దానికి హైకోర్టుకే పోవాలి. కోర్టులో గానీ లోక్ అదాలత్‌లో గానీ చట్టప్రకారం రాజీ నమోదైతే దాని ఫలితం నిర్దోషిగా విడుదలైనట్టే. మా పిలగాడి మీదున్న రెండు నేరాలూ రాజీకి వచ్చేవే. ఒకే కోర్టు, ఒకే రోజు. ఒక కాయితంతో దోషి, ఇంకో కాయితంతో నిర్దోషి. మేం మొదటిదానికి తలూపాం.

రాజీకి వెల ఉంటుందని కూడా చెప్పాలి. ఊరి మధ్యన కాళ్లు మొక్కించాకే సంతకం పెడతామనేవాళ్లుంటారు. చట్టం అడిగేది గాయపడ్డవాడి సమ్మతి, ముద్దాయి అవమానం కాదు. కాళ్లు మొక్కితేనే రాజీ అంటే మూడో దారి ఉంది.

మూడు, కేసు నడపడం. వాయిదాలకు తిరగాలి, కూలీ పోతుంది. కానీ తాగిన గొడవలో సాక్షులూ తాగినోళ్లే. చూసిందెంత, ఊహించిందెంత అన్నది ఎదురు ప్రశ్నల్లో తేలుతుంది. చేయని నేరాన్ని వాయిదా భయంతో ఒప్పుకోవడం కంటే ఇది మేలు.

నాలుగు, నేరం రుజువైనా ప్రొబేషన్. 1958 ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద మంచి నడవడిక బాండు రాయించుకుని జైలుకు పంపకుండా వదలొచ్చు. 21 ఏళ్లలోపు వాళ్లను జైలుకు పంపాలంటే మామూలుగా కోర్టు కారణాలు రాయాలి. ఈ చట్టం కింద వదిలిన మనిషికి ఆ శిక్ష వల్ల అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతుంది. కేసు జరిగిన సంగతి మాత్రం దాచడానికి వీల్లేదు. మొదటిసారి నేరం రుజువైన మనిషికి ఇంత అక్కరకొచ్చే చట్టం ఉందని మాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. ఒప్పుకున్నాక కూడా అడగదగ్గదే, మేం అడగలేదు.

కేసు తర్వాత

ఒక్క గొడవతో రౌడీషీటు తెరుస్తామని బెదిరించడం ఉంది. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లలో 601 అందుకు ఆధారంగా చూపిస్తారు. అలవాటుగా నేరాలు చేసేవాళ్ల కోసం పెట్టినది అది, ఒక్క చిన్న కేసుకు కాదని హైకోర్టు తీర్పులున్నాయి. తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తే అది శిక్ష కాదు, శాంతిగా ఉంటామనే బాండు. దాన్ని ఉల్లంఘిస్తే మాత్రం డబ్బు కట్టాలి, కట్టకపోతే జైలు.

ఉద్యోగం కాయితంలో అబద్ధం రాయొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, చిన్న వయసులో జరిగిన అల్పమైన కేసును నౌకరీ ఇచ్చేవాళ్లు క్షమించొచ్చు. నిజం చెప్పినా పరిశీలించి కాదనే అధికారం వాళ్లకుంది. దాచితే మాత్రం అదే పెద్ద నేరమై కూర్చుంటుంది. గల్ఫ్‌కు పోయే కరీంనగర్, నిజామాబాద్ పిలగాండ్లకు ఇంకో ముడి. కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు ఆపొచ్చు. 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం కోర్టు అనుమతి తెచ్చుకుని పోవచ్చు. వీసా గడువు ముంచుకొచ్చాక కాదు, ముందే అడగాలి.

మనలో మన మాట

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్య నిషేధం వచ్చాయి. 1997లో సర్కారే నిషేధం సడలించింది. ఒక చేత్తో దుకాణానికి లైసెన్సు, ఇంకో చేత్తో తాగినవాడి మీద కేసు. రెండు చోట్లా రాబడి సర్కారుకే. ఈ మాట అనాల్సిందే.

కానీ దీన్ని అడ్డం పెట్టుకుని మనోడి చేతిని వెనకేసుకు రావడం మా పని కాదు. అన్ని గొడవలూ పెద్ద కులపోళ్లతో జరిగేవి కావు. ఎక్కువసార్లు దెబ్బ తినేది పక్కింటి తమ్ముడు, లేదా ఇంట్లో ఆడమనిషి. మనోడు కొట్టినా దెబ్బ దెబ్బే. ఆమె ఠాణాకు పోతే వాడ పరువని ఆపేవాళ్లం, ఊరి పెద్దమనుషుల రాజీని తప్పు పట్టే అర్హత పోగొట్టుకుంటాం. ముద్దాయికి హక్కులు అడిగే నోటితోనే దెబ్బ తిన్నవాళ్ల హక్కులూ అడగాలి.

మా ప్రతిపాదన చిన్నది. వాడకొక్కరైనా ఎఫ్‌ఐఆర్ చదవగలిగినవాళ్లు ఉండాలి. చదువుకున్నవాళ్లం సెలవులకు ఊరికి పోయినప్పుడు అంబేద్కర్ సంఘంలో ఒక సాయంత్రం ఈ నంబర్లు చెప్పాలి. కమ్యూనిటీ హాలు గోడ మీద 15100 రాయాలి. ఎవరి మీదైనా మొదటి కేసు పడితే మొదటి వాయిదాకు నలుగురు వెంట పోవాలి, ఒప్పుకోమని వకీలు చెబితే రాజీ సంగతి, ప్రొబేషన్ సంగతి అడగాలి.

మా పిలగాడు ఇప్పుడు పట్నంలో ఆటో నడుపుతున్నాడు. పోయిన ఏడు వాడలో ఇంకో కుర్రవాడి మీద 115(2) పడితే వీడే ముందు పోయాడు. కిరాయి మానుకుని కోర్టు దగ్గర నిలబడి, "తమ్మీ, ఒప్పుకోకు, ముందు కాయితం చూడనియ్యి" అన్నాడట. మేం చేయాల్సిన పని వాడు చేశాడు.